తోడుకోని పాలు

నమోదు 3118

పాలగది చిట్టాలో పాల సంగతులు తప్ప మరేమీ చెప్పకూడదని సంఘం నియమం. తొట్టెల వేడి ఎంత, పాలు ఎంత వచ్చాయి, ఎవరు కడిగారు, అంతే. ఇన్నేళ్ళూ అలాగే చెప్పాను. ఈవేళ నుంచి నా కోపం కూడా చెబుతాను, ఎందుకంటే ఈ కోపం పాల దగ్గరే మొదలైంది.

పొద్దున తొట్టెలు కడిగాను. అన్నీ బాగున్నాయి. ఆవును నేను బొమ్మల్లో తప్ప ఎరగను గానీ, ఆవు పొదుగు కణాలు మాత్రం ఈ తొట్టెల్లో, నా చేతుల మీదే పెరుగుతున్నాయి. వాటికి తిండి పెట్టాను, పాలు పడేలా చేసే ప్రొలాక్టిన్ చుక్కలు వేశాను, పాలు పితికి డబ్బాల్లోకి పట్టాను. డబ్బాలు మోసుకెళ్ళడానికి మా వదిన సుగుణ వచ్చింది. వదిన శిశుగదిలో పనిచేస్తుంది. ఎప్పుడూ ఏదో ఒక కబురుతో వచ్చే మనిషి, ఈవేళ డబ్బాలెత్తుకుని వచ్చిన దారినే వెళ్ళిపోయింది.

సంగతి ఏమిటంటే ఊళ్ళో పెరుగు తోడుకోవడం లేదు. మొదట ఒక ఇంట్లో, తరవాత వీధంతా, ఇప్పుడు నేల కింద తవ్విన ఈ దిగుడు ఊరు మొత్తంలో. పొద్దున గిన్నె మూత తీస్తే అడుగున నాలుగు పలుకులు, పైన కుడితి.

ఈ ఊరి పెరుగంతా ఒక్క తోడుకు పుట్టిందే. పైన గాలి లేని ఈ ఎర్రనేలకు మొదటి ఓడలో వచ్చిన ఒక ముసలావిడ, పెరుగులో తడిపి ఎండబెట్టిన గుడ్డముక్కను రవికలో దాచి తెచ్చిందట. ఆ తోడుగిన్నె ఏడాదికొక ఇంటి కోడలి దగ్గర ఉంటుంది. ఎవరింట్లో తోడు పాడైనా ఆవిడ దగ్గరికే వచ్చి చెంచాడు పట్టుకెళ్ళాలి. ఈ ఏడు ఆ వంతు వదినది.

దాంతో జనం ముందు గిన్నెను అనుమానించారు. వేడినీళ్ళతో కడిగి, కొత్త తోడు వేసి చూశారు. ఫలితం లేదు. ఇక గిన్నెను వదిలేసి చేతిని పట్టుకున్నారు. వదినకు పిల్లల్లేరు. గొడ్రాలి చేతి తోడు పేరుకుంటుందా అని ఎవరో అన్నారట. అన్నదెవరో నాకు తెలిస్తే ఆ మనిషి నెత్తిన డబ్బా బోర్లించి ఉండేదాన్ని.

నమోదు 3120

పెరుగు లేకపోతే ఎవరూ చచ్చిపోరు. శిశుగదిలో ఉన్న నలుగురు పసివాళ్ళు మాత్రం పాలు లేకపోతే బతకరు. ఈ నేల మీద తల్లులకు పాలు నెల తిరక్కుండా ఇంకిపోతాయి. ఆపైన ఆ పిల్లలకు నా తొట్టెల పాలే దిక్కు. అందరిలోకి చిన్నవాడు నూకరత్నం కొడుకు. పంపుల దగ్గర బిగింపు పనిచేసే మనిషి ఆవిడ. ఇవాళ వాణ్ణి ఎత్తుకుని సరాసరి పాలగదిలోకి వచ్చేసింది.

"కడుపునిండా తాగుతున్నాడండి, దించగానే మళ్ళీ ఏడుత్తన్నాడండి. ఈ డొక్కలు సూడండి ఎలా తేలిపోయాయో. ఏం పాలండీ ఇవి?"

వాణ్ణి తూకం వేశాను. పోయిన తూకం కంటే పెరగాల్సినవాడు తగ్గాడు. నా పాలల్లో కేసిన్ లేదు. పాలకు బలం ఇచ్చేదీ, పెరుగును గడ్డ కట్టించేదీ ఆ ప్రొటీనే. అది లేని పాలు తెల్లరంగు నీళ్ళతో సమానం.

మధ్యాహ్నం సంఘం పెద్ద పరంధామయ్యగారు పరీక్ష యంత్రం మోయించుకుని వచ్చారు. పొదుగు కణాలు కేసిన్ కోసం ఎంత వేగంగా సందేశాలు రాస్తున్నాయో ఆ యంత్రం చెబుతుంది. ఎప్పటి వేగమే చూపించింది. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని, ఎంతో నెమ్మదిగా మొదలుపెట్టారు.

"తొట్టెలు బాగున్నాయి తాయారమ్మా. పాలు మాత్రం పలచగా ఉన్నాయి. మధ్యలో ఉన్నది నువ్వే కదమ్మా?"

"నీళ్ళు కలుపుతున్నానంటారా?"

"నేనలా అన్నానా?"

"అనడానికి ధైర్యం చాలక అలా తిప్పి అడిగారు. ఈ ఊళ్ళో నీళ్ళే పాల కంటే కరువు కదండీ. మనిషికి కొలిచిపోసే నీళ్ళు పాలల్లో కలిపి నేను గొంతెండబెట్టుకుంటానా? ఆ మాత్రం ఆలోచన రాలేదా మీకు?"

ఆయన ముఖం ఎర్రబడింది. వచ్చే సభలోగా పాలు చిక్కబడకపోతే పాలగది వేరేవాళ్ళకు అప్పగిస్తామనీ, అప్పటికీ కుదరకపోతే తొట్టెలు మూసేసి పిల్లలకు చిక్కుడుగింజల జావ పోస్తామనీ చెప్పి వెళ్ళారు. మూడు నెలల పసివాడికి చిక్కుడు జావ! తన మనవడికైతే పోయిస్తాడా ఈ పెద్దమనిషి? ఆడలేక మద్దెల ఓడన్నట్టు, కారణం వెతకడం చేతకాక నన్ను దొంగను చేశాడు.

నమోదు 3121

కోపంలో నాకు పని బాగా సాగుతుంది. ఇవాళంతా తలుపు గడియ వేసుకుని కణాలతో కూర్చున్నాను.

మా భోజనశాలలో ఎవరికేం కావాలో చీటీ రాసి మేకుకు గుచ్చుతారు. చీటీ మేకుకు ఉన్నంతసేపు వంటవాడు అట్లు పోస్తూనే ఉంటాడు. ఎవరైనా చీటీ చింపేస్తే పొయ్యి ఆపేస్తాడు. పొదుగు కణంలోనూ ఇదే తంతు. కేంద్రకం నుంచి వచ్చే చీటీ పేరు మెసెంజర్ ఆర్ఎన్ఏ. పరంధామయ్యగారి యంత్రం ఎన్ని చీటీలు రాస్తున్నారో లెక్కపెడుతుంది. అవి మేకుకు ఎంతసేపు ఉంటున్నాయో దానికి తెలియదు, ఆయనకు అంతకంటే తెలియదు.

కాసిని కణాలు పళ్ళెంలోకి తీసి, మందు వేసి కొత్త రాత ఆపేశాను. పాత చీటీలు ఎంతసేపు నిలుస్తాయో చూద్దామని. మునుపు పొద్దున ఆపితే సాయంత్రానికి కూడా సగం మిగిలేవి. ఇవాళ నేను టీ తాగి వచ్చేసరికే చాలావరకు పోయాయి.

నాకు మతిపోయింది. ప్రతి చీటీకీ ఒక తోక ఉంటుంది. దాన్ని పట్టుకుని కాపాడే ప్రొటీన్ ఒకటి, చింపేవాళ్ళను పిలుచుకొచ్చే ప్రొటీన్ మరొకటి. తోక ఎవరి చేతికి అందాలో హార్మోను తేలుస్తుంది. ప్రొలాక్టిన్ ఉంటే కాపాడేదే గెలుస్తుంది, చీటీ నిలుస్తుంది, కేసిన్ ధారగా వస్తుంది. ప్రొలాక్టిన్ నేను వేస్తూనే ఉన్నాను. కాపాడే ప్రొటీన్ కూడా కణంలో కావలసినంత ఉంది. కానీ అది తోకల జోలికి పోకుండా ఊరికే పడి ఉంది. పోవద్దని దాన్ని ఎవరో ఆపుతున్నారు.

ఎవరన్నది రేపు చూస్తాను. తిండి మార్చి చూడాలి, నీళ్ళు మార్చి చూడాలి.

నమోదు 3122

ఇది పాల సంగతి కాదు, మా ఇంటి సంగతి. అయినా చెబుతాను.

భోజనాల దగ్గర అమ్మ మొదలుపెట్టింది. "సుగుణా, ఆ తోడుగిన్నె ఇంకెవరికైనా ఇచ్చెయ్యమ్మా. అచ్చిరాని చేతుల్లో ఉంచుకుని ఊరందరి ఉసురూ ఎందుకు పోసుకోవడం? రేప్పొద్దున ఆ నూకరత్నం కొడుక్కేమన్నా అయితే నిన్నే అంటారు."

వదిన వడ్డిస్తున్న గరిటె గిన్నెలో పెట్టేసి, "అలాగే అత్తయ్యా," అంది. అంతే అంది.

మా అన్నయ్య సుదర్శనం ఊరికి నీటి ఇంజనీరు. వాడిన నీళ్ళన్నీ వడకట్టి, శుభ్రం చేసి, మళ్ళీ కుళాయిల్లోకి పంపే పని అతనిది. కన్నతల్లి తన పెళ్ళాన్ని అంత మాట అంటుంటే పప్పులో వేలు తిప్పుకుంటూ కూర్చున్నాడు.

"పాలల్లో కేసిన్ లేదమ్మా! వదిన చెయ్యి పెట్టినా నీ చెయ్యి పెట్టినా తోడుకోదు. నోటికొచ్చినట్టు అంటే ఊరుకోను," అని అరిచాను.

"నీకెందుకే అంత రోషం? నేను దాని మంచికే చెప్పాను."

"ఊరుకో తాయారూ, తినేటప్పుడు గొడవ దేనికి," అన్నాడు అన్నయ్య, నా వైపు చూడకుండా.

తరవాత వదిన మాత్ర వేసుకుంది. కడుపు పండటానికి వైద్యుడు ఇచ్చిన మాత్ర. ఆరేళ్ళుగా మింగుతోంది. అన్నయ్య లేచి గ్లాసుతో నీళ్ళు పట్టి అందించాడు. పోనీలే, ఆ మాత్రం ప్రేమైనా ఉంది అనుకున్నాను.

నమోదు 3125

తిండి మార్చాను. చీటీలు నిలవలేదు. మిగిలింది నీళ్ళు.

కుళాయి నీళ్ళు కాకుండా ఈ ఊళ్ళో ఇంకే నీళ్ళున్నాయి? పైన మంచు కోసుకొచ్చే గంగులును అడిగాను. యంత్రాలు చల్లబరచడానికి రోజూ దిమ్మలు దింపుతాడు.

"ఇది తాగేది కాదండి, మరల కోసం," అన్నాడు.

"నేనూ తాగను, తొట్టెకు పోస్తాను. ఒక దిమ్మ ఇవ్వు నాయనా."

కరిగించి, వడకట్టి, ఐదో తొట్టెను మూడుసార్లు కడిగి ఆ నీళ్ళతో నింపాను. మిగతావి కుళాయి నీళ్ళ మీదే ఉంచాను. రెండు పూటలు గడిచాక ఐదో తొట్టె కణాల్లో చీటీలు మళ్ళీ నిలవడం మొదలైంది. కాపాడే ప్రొటీన్ తోకలు పట్టుకుంది. నిన్న సాయంత్రం పితికిన పాలు వేలికి అంటుకున్నాయి.

వదినను పిలిచి తోడు వెయ్యమన్నాను.

"నా చేత్తో వద్దే. మళ్ళీ ఏమన్నా అయితే భరించలేను."

"నీ చేత్తోనే. వేరేవాళ్ళు వేస్తే నేనొప్పుకోను."

ఇవాళ పొద్దున మూత తీశాం. గిన్నె వంచితే పెరుగు కదల్లేదు. వదిన పైన మీగడను వేలితో తాకి చూసింది, ఆ తరవాత గోడకేసి తిరిగి ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది గానీ కోపం దాన్ని మింగేసింది.

ఐదో తొట్టె పాలు నలుగురు పిల్లలకూ పంచమని పంపాను. నూకరత్నం కొడుకు తాగి, నిద్రపోయాడట. ఒక్క తొట్టె నలుగురికీ బొటాబొటిగా సరిపోతుంది. మిగతావి మారేదాకా ఇలా ఎన్నాళ్ళు నెట్టుకురాను? గంగులు దొంగతనంగా ఇచ్చే దిమ్మల మీద పసివాళ్ళ ప్రాణాలు నడపాల్సి వచ్చింది.

నమోదు 3126

నీళ్ళల్లో ఏముందో తెలిసింది.

ప్రొలాక్టిన్ ఉన్నా పాలు రాకుండా ఆపే హార్మోను ఒకటుంది. తల్లి కడుపుతో ఉన్నంతకాలం అదే పొదుగును ఆపి ఉంచుతుంది. ప్రసవమయ్యాక అది తగ్గితేనే పాలు పడతాయి. దాని పేరు ప్రొజెస్టిరాన్. దానికి అన్నదమ్ముల్లాంటి మందులు కూడా ఉన్నాయి, పిల్లలు పుట్టకుండా వాడేవి. నా తొట్టెలు తాము కడుపుతో ఉన్నామనుకుని కేసిన్ చీటీలు చింపేస్తున్నాయి. కొన్నేళ్ళుగా ఊళ్ళో ఆడవాళ్ళకు కడుపులు రావడమే అరుదైంది, తొట్టెలకు మాత్రం వచ్చాయి!

కుళాయి నీళ్ళను పరీక్ష చేశాను. ఆ మందు ఉంది. మా వీధి నీళ్ళల్లో, పంపుల వీధిలో, బడి దగ్గర, అన్నిచోట్లా ఒకే మోతాదులో ఉంది. ఎక్కడినుంచో కారి కలిస్తే అలా ఉండదు. ఎవరో కొలిచి పోస్తున్నారు. నీళ్ళు కొలిచే మనిషి ఈ ఊళ్ళో ఒక్కడే.

పంపుగదికి వెళ్ళాను. అన్నయ్య ఒక్కడే ఉన్నాడు.

"నీళ్ళల్లో ఏం పోస్తున్నావు?"

"నేనా? నేనేం పోస్తాను? క్లోరిన్..." గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఆ మాట అంటూనే వెనకాల ఉన్న అలమారాకు అడ్డంగా జరిగాడు.

పరీక్ష కాగితం ముఖాన కొట్టాను. చదివాడు. కూర్చున్నాడు.

"గాలి శుద్ధి చేసే యంత్రాల్లో మూడోది పోయిందే. బాగుచేసే భాగాలు లేవు. ఉన్నవాళ్ళకే గాలి చాలీచాలకుండా ఉంది. పుట్టేవాళ్ళకు ఎక్కడినుంచి తేను? పరంధామయ్యగారు, ఇంకో ఇద్దరు, నేనూ కలిసి అనుకున్నాం. ఊరికి చెబితే కొట్టుకు చస్తారని చెప్పలేదు."

"ఎన్నాళ్ళయింది?"

"ఆరేళ్ళు. మొదట తక్కువే పోశాం. అయినా నలుగురు పుట్టుకొచ్చారు. ఆఖర్న నూకరత్నం కూడా కనడంతో, పోయిన నెల మోతాదు పెంచమన్నారు."

అదీ సంగతి. ఆ పసివాడు పుట్టడమే తప్పయింది వీళ్ళకి. వాడు పుట్టినందుకు పోసిన మందే వాడి పాలను నీళ్ళు చేసింది.

"మరి వదిన?"

"ఒక్కదానికి వేరే నీళ్ళెలా ఇస్తాను? అందరితో పాటే. న్యాయం అందరికీ ఒకటే ఉండాలి కదా."

న్యాయమట! నాకు ఒళ్ళు మండిపోయింది. "ఆ మాత్ర మింగడానికి గ్లాసు అందించేది నువ్వు! అందులో నీళ్ళు పట్టేది నువ్వు! అమ్మ దాన్ని గొడ్రాలంటుంటే విని అన్నం తినేది నువ్వు! న్యాయం మాట నీ నోట వస్తే పురుగులు పడతాయి. అడిగుంటే ఊళ్ళో ఆడవాళ్ళు ఆగేవాళ్ళు కారా? గాలి లేదని తెలిస్తే ఏ తల్లి కంటుంది? అడగాలని ఎందుకనిపించలేదు మీ నలుగురికీ?"

"నువ్వు పైకి చెప్పకు తాయారూ. కడుపు చించుకుంటే కాళ్ళ మీదే పడుతుంది. మనింటి పరువే పోతుంది."

"పడనీ," అన్నాను.

అక్కడినుంచి సరాసరి వదిన దగ్గరికి వెళ్ళాను. సభలో పదిమంది మధ్య వినాల్సిన మాట కాదది. అంతా చెప్పాను. వదిన పసిపిల్లల గుడ్డలు మడతపెడుతోంది. నేను చెబుతున్నంతసేపూ మడతపెడుతూనే ఉంది. ఆఖరి గుడ్డ అయ్యాక, "రేపు సభలో నువ్వు పాల సంగతి చెప్పు. మిగతాది నేనడుగుతాను," అంది.

నమోదు 3127

సభ సామాన్ల గదిలో జరిగింది. పరంధామయ్యగారు గొంతు సవరించుకుని, పాలగది బాధ్యతల మార్పు గురించి అనేలోపే నేను లేచాను. రెండు గిన్నెలు బల్ల మీద పెట్టాను. ఒకటి కుళాయి నీళ్ళ తొట్టె పాలది, ఒకటి మంచునీళ్ళ తొట్టె పాలది. రెంటిలోనూ తోడు వేసింది సుగుణ వదినే అని చెప్పి, రెండూ వంచి చూపించాను. ఒకటి కారిపోయింది, ఒకటి నిలిచింది. తరవాత నీళ్ళల్లో ఏ మందు ఉందో, అది ఎందుకు వాడతారో చెప్పాను.

కాసేపు ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక గది గదంతా లేచింది.

నూకరత్నం కొడుకును భుజాన వేసుకుని ముందుకొచ్చింది. "అయితే నా పిల్లోడి డొక్కలు ఎండబెట్టింది మీరాండీ? మా అప్పకి, నా ముందు పుట్టిందానికి, కడుపు పండట్లేదని మూడేళ్ళు ఉపవాసాలు చేయించాం కదండీ! ఒక్క మాట చెప్తే మీ సొమ్మేం పోయిందండీ?"

పరంధామయ్యగారు గాలి గురించి, ఊరి క్షేమం గురించి, బరువైన నిర్ణయాల గురించి చాలా చెప్పారు. ఎవరూ వినలేదు. వినకపోవడం నాకు బాగుంది. చివరికి ఆయన చూపు అన్నయ్య మీదికి తిప్పి, కొలతలన్నీ సుదర్శనమే చూశాడని తప్పించుకున్నారు. సంఘం పెద్దరికం అంతవరకే.

అన్నయ్య లేచాడు. ఒప్పుకున్నాడు. ఎంత పోశాడో, ఎప్పుడు పెంచాడో, యంత్రం ఎప్పుడు ఆగిందో, అన్నీ అప్పజెప్పాడు. అమ్మ నోట కొంగు కుక్కుకుని కూర్చుంది.

"ఇవాళే ఆపేశాను," అన్నాడు. "గొట్టాలన్నీ కడిగిస్తాను. ఈ మందు ఒంట్లో పేరుకుపోయేది కాదు. నెల తిరిగేసరికి నీళ్ళు పూర్తిగా శుభ్రమవుతాయి. తొట్టెలు మామూలుగా పాలిస్తాయి. ఆడవాళ్ళకు కూడా ఏ ఇబ్బందీ మిగలదు. అంతా ఎప్పట్లాగే ఉంటుంది."

వదిన నిలబడింది. మొదటి వరసలో, అతనికి ఎదురుగా. గొంతు పెంచలేదు. పెళ్ళైనప్పటి నుంచి అతనితో మాట్లాడే గొంతుతోనే మాట్లాడింది.

"నాకు మొన్న నలభై నాలుగు నిండాయండి. ఆ రోజే వైద్యుడు ఇంక మాత్రలు ఆపెయ్యమన్నాడు, ఆశ లేదన్నాడు. మీకు చెబితే బాధపడతారని చెప్పలేదు. నెలలో నీళ్ళు బాగుపడతాయి, తొట్టెలు బాగుపడతాయి, సరే. మరి నాకండీ?"

అన్నయ్య నోరు తెరిచాడు. ఆరేళ్ళ కొలతలు తడుముకోకుండా చెప్పినవాడు ఈ ఒక్కదానికీ కూర్చుండిపోయాడు. వదిన జవాబు కోసం అలాగే నిలబడి ఉంది. గదిలో ఎవరూ ఆవిణ్ణి కూర్చోమనలేదు. అతను నా తోడబుట్టినవాడు, తల దించుకుని ఏడుస్తున్నాడు, నాకు రవ్వంత జాలి కూడా కలగలేదు.